నిండు గూళ్ళ పండగ

కార్తీకమాసం వస్తే చాలు, మనుషులకి ఉసిరిచెట్టు గుర్తొస్తుంది. మిగతా ఏడాదంతా దాని మొహం చూడరు. ఆ నెల్లో మాత్రం గంగాళాలు, చాపలు, మైకులు వేసుకుని ఊరవతలి తోటలోకి దిగుతారు. పులిహోర తిని, విస్తళ్ళు అక్కడే పారేసి, కొమ్మలకి కట్టిన తళుకు రిబ్బన్లు అక్కడే వదిలేసి, ప్రకృతి ఎంత బాగుందో అని చెప్పుకుంటూ ఇళ్ళకి పోతారు. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఈ కథ వాళ్ళది కాదు. వాళ్ళు పోయాక ఆ తోటలో జరిగింది ఇంకా మండించేలా ఉంటుంది, వినండి.

ఆ తోటలో జంతువులకీ ఒక పండగ ఉంది. కార్తీక పున్నమినాడు మనుషులంతా దీపాలు వదలడానికి ఏటి ఒడ్డుకి పోతే తోట వీళ్ళదవుతుంది. ఉసిరిచెట్టు కింద చేరి, ఉన్నది పంచుకు తిని, పిల్లల్ని ఆడించుకుని పోతారు. పండగంటే అలంకారం ఉండాలి కదా. నిరుడు కోతి అప్పిగాడు ఉత్సాహం పట్టలేక మనుషులు వదిలేసిన తళుకు రిబ్బన్లన్నీ ఏరి చెట్టుకి చుట్టబెట్టాడు. మేక లచ్చి కూతురు ఆ మెరుపు చూసి ఒక రిబ్బను మింగేసింది. కడుపు ఉబ్బిపోయి, నురగలు కక్కి, చావు తప్పి బయటపడింది.

అందుకని ఈ ఏడు పండగ పెద్ద మైలయ్య ముందే చెప్పేశాడు. మైలయ్య అంటే బూడిదరంగు ముసలి ఎద్దు, మైలెద్దు. నిదానస్తుడు, ఒక మాట అనాలంటే నాలుగుసార్లు నెమరు వేసి గానీ అనడు.

"మనుషుల తళుకులొద్దు. మన పెద్దలు చేసినట్టే చేద్దాం. పుట్టమన్నుతో నేల అలుకుదాం. ఈతనారకి మామిడాకులు గుచ్చుదాం. చేలో రాలిన వరికంకులు కుచ్చులు కడదాం. గునుగుపూలు, గురివింద గింజలు, అంతే."

"ఇంకేముండేవి మావయ్యా?" అంది లచ్చి.

"ఇంకా ఏదో ఉండేదే... మా అయ్య చెప్పేవాడు. గిజిగాడి గూళ్ళు తెచ్చి ఉసిరికొమ్మలకి వేలాడగట్టేవారట. చూడ్డానికి రెండు కళ్ళూ చాలేవి కావట. నా ఎరికలో మాత్రం ఎవరూ చెయ్యలేదు."

ఆ మాట పొద వెనకనుంచి ఒక చెవి విన్నది. ఆ చెవి నక్క కోటిలింగానిది. వీడు ఈ తోటవాడు కాదు. పట్నం చివర చెత్తదిబ్బల మీద కోడిబొమికలు నమిలి పెరిగినవాడు. అక్కడ కుక్కలు తరిమితే మొన్న వానల్లో ఇక్కడికొచ్చి పడ్డాడు. ఎవరైనా ఏ ఊరని అడిగితే ఆకాశం వంక చూసి, "తాతల కాలం నాటి సంగతులు, ఇప్పుడెందుకులెండి" అని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు చూసి వీళ్ళంతా వాణ్ణి పెద్దింటివాడనుకున్నారు.

కోటిలింగం పొద వెనకనుంచి వచ్చి నేలకి తల ఆనించి దండం పెట్టాడు.

"మైలయ్య మావా, ఆ మాట నీ నోట విన్నాక నాకు కన్నీళ్ళాగలేదు. ఆ గూళ్ళ అలంకారం చేయించింది ఎవరనుకున్నావు? మా తాతగారే. ఈ తోటకి పండగ పూజారి ఆయన."

"ఎప్పుడూ చెప్పలేదే!" అన్నాడు అప్పిగాడు.

"గొప్పలు చెప్పుకోవడం మా వంశంలో లేదు అబ్బాయ్. సరే, ఇక్కడ గూళ్ళెక్కడున్నాయి?"

అడగాల్సిన పనే లేదు. దిగుడుబావి మీదకి వంగిన ఈతచెట్టుకి గిజిగాళ్ళ గూళ్ళు బారులు తీరి వేలాడుతున్నాయి. కింద లోతు నీళ్ళు, పైన సన్నని మట్ట. పాము పాకలేదు, పిల్లి దూకలేదు. ఈ నక్క వచ్చిన నాటినుంచీ రోజూ బావి గట్టున కూర్చుని పైకి చూసి గుటకలు మింగి లేచిపోతున్నాడు. ఆ సంగతి ఆ చెట్టు మీదున్న తల్లులందరికీ తెలుసు. వాళ్ళలో నోరున్నది బుల్లెమ్మ. పిట్ట చూస్తే పిడికెడు లేదు గానీ కోపమొస్తే తోటంతా వినబడుతుంది.

బుల్లెమ్మ వచ్చి ఉసిరికొమ్మ మీద వాలింది.

"గూళ్ళిస్తాం మావయ్యా. మా అమ్మమ్మల అమ్మమ్మలూ ఇచ్చేవారట. పిల్లలెగిరిపోయాక ఖాళీ గూడు మాకెందుకూ, నవ్వుతూ ఇచ్చేవాళ్ళు. కానీ ఈసారి వానలు ఆలస్యంగా పడ్డాయి. గడ్డి ఆలస్యం, గూళ్ళు ఆలస్యం, గుడ్లు ఆలస్యం. పిల్లలింకా లోపలే ఉన్నారు. రెక్కలు కూడా రాలేదు. కాబట్టి ఈ ఏటికి గూళ్ళు లేవు."

అక్కడితో అయిపోవాల్సింది. చెప్పాల్సింది చెప్పింది కదా, ఎవరికైనా అర్థమవుతుంది. కానీ కోటిలింగం చెవులు రెండూ మూసుకున్నాడు.

"ఖాళీవా? చెల్లెమ్మా, ఎంత మాటన్నావు! మా తాతగారు ఎక్కడున్నా ఎంత బాధపడతారో! పండగపూట ఖాళీ బిందె ఎదురొస్తే ఏమవుతుంది? గుమ్మంలో ఖాళీ చేట ఎవరైనా పెడతారా? కలశంలో నీళ్ళు పొయ్యకుండా పూజ చేస్తారా? నిండుగా ఉంటేనే శుభం. ఖాళీ గూడంటే పాడుబడ్డ కొంప. ఆ దరిద్రాన్ని తెచ్చి ఉసిరిచెట్టుకి కడతారా? మా తాతగారి పద్ధతిలో ఎప్పుడూ నిండు గూళ్ళే!"

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఖాళీ బిందె అనగానే లచ్చి గుండె మీద కాలు పెట్టుకుంది. నిజమే కదా, శుభమా అని పండగ చేసుకుంటూ ఖాళీవి ఎందుకు కట్టడం అని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు చాలు కోటిలింగానికి.

"నిండు గూళ్ళంటే పిల్లలతో సహానా?" అంది బుల్లెమ్మ.

"ఒక్క పూటేనమ్మా. అప్పిగాడు మెల్లగా కోసి తెస్తాడు. మీ పిల్లలకి ఊరంతా దణ్ణం పెడుతుంది. ఆ అదృష్టం ఎవరికి పడుతుంది చెప్పు? పండగవ్వగానే మళ్ళీ పైన కట్టేస్తాం."

"కోసిన గూడు మళ్ళీ కడతావా? నీ తాత కట్టాడా? పోగుపోగూ కలిపి అల్లినది అది. ఒకసారి తెగితే గడ్డిపరక, అంతే. ఇంతకీ ఎంత ఎత్తున కడతావు?"

"మా తాతగారి పద్ధతి ప్రకారం, చూసేవాళ్ళ మొహం ఎత్తున."

"ఎవరి మొహం? ఎద్దు మొహమా, నక్క మొహమా?"

కోటిలింగం నవ్వాడు. "పూజారి మొహం ఎత్తునమ్మా. ఇంకోటి, కట్టిన తర్వాత పూజారి తప్ప ఎవరూ దగ్గరికి రాకూడదు. నీడ కూడా పడకూడదు. మడి."

వింటున్నారా? పిల్లలున్న గూళ్ళు, నక్క మూతి ఎత్తున, చుట్టూ ఎవరూ లేకుండా. పాలు తాగే దూడకైనా ఇది ఎక్కడికి పోతోందో తెలియాలి. అక్కడున్న పెద్దల్లో ఒక్కరికీ తెలియలేదు. కాదు, తెలుసుకోవాలని లేదు. నాకు నక్క మీద కన్నా వాళ్ళ మీదే ఎక్కువ కోపం. నక్క తన పొట్ట కోసం అడిగాడు. వీళ్ళు దేనికోసం తలూపారు?

"చెప్పండి మావయ్యా!" అని బుల్లెమ్మ మైలయ్య కొమ్ము మీద వాలి అడిగింది.

మైలయ్య నెమరు వేశాడు. మళ్ళీ వేశాడు.

"పెద్దల పద్ధతంటున్నాడు తల్లీ. తెలిసినవాడు చెబుతుంటే కాదని ఎలా అనను? నిరుడు పద్ధతి తప్పబట్టే కదా కీడు జరిగింది."

"లచ్చి వదినా, నువ్వైనా చెప్పు. నిరుడు నీ పిల్ల కొట్టుకుంటుంటే ఈ చెట్టంతా అరిచాం, ఒక్కరం గూట్లోకి పోలేదు. నువ్వు తల్లివి!"

లచ్చి మొహం పక్కకి తిప్పుకుంది. "నలుగురి పండగ కదా బుల్లెమ్మా. కొంచెం సర్దుకోవాలి. ఒక్క పూటే అంటున్నారుగా."

సర్దుకోవాలట! ఈ మాట అనేవాళ్ళెప్పుడూ తమది సర్దరు. బుల్లెమ్మ ఎద్దు కొమ్ము మీంచి లేచింది.

"సర్దుకోనా? నీ పిల్లని నా గూటికింద బావిలో వేలాడగట్టు, ఒక్క పూటే. అప్పుడు సర్దుకుంటాను. థూ!" అని ఎగిరిపోయింది.

"పాపం, చిన్నపిట్ట. పద్ధతి తెలియదు," అన్నాడు కోటిలింగం ఎంతో జాలిగా. పున్నమినాటి మధ్యాహ్నం అప్పిగాడు ఈతచెట్టెక్కి గూళ్ళు కొయ్యాలని తీర్మానమైపోయింది.

బుల్లెమ్మ గూటికి చేరేసరికి పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. ఒంటి మీద ఈకలు మొలకలెత్తుతున్నాయి, అంతే. మోసుకుపోదామంటే మొయ్యలేదు, ఎగరమంటే ఎగరలేరు. పక్క గూళ్ళలో తల్లులంతా ఏడుస్తున్నారు. మొగుడు గిజిగాడు ఎక్కడున్నాడని చూస్తే, పక్క మట్టకి వేలాడుతూ ఇంకెవత్తె కోసమో కొత్త గూడు అల్లుతున్నాడు. ఆ జాతి మగాళ్ళ తీరే అంత. అల్లి, పిలిచి, కాపురం పెట్టించి, తర్వాత కొత్త మట్ట చూసుకుంటారు.

"దిగు!" అని అరిచింది బుల్లెమ్మ.

"ఏమైందే? చాలా ముఖ్యమైన ముడి వేస్తున్నాను."

"నీ పిల్లల్ని నక్క తినబోతోంది. ముడి తర్వాత వేద్దువు గానీ, దిగు."

గిజిగాడు దిగాడు. అతనికి భయమేసింది, నక్కని చూసి కాదు, పెళ్ళాన్ని చూసి. మిగతా మగాళ్ళూ దిగొచ్చారు.

తోట కంచె మీద ఒక తీగ పాకి ఉంది. దాని నిండా కాయలు, వేలెడంత పొడవున, బంగారు రంగు నూగుతో, పట్టుగుడ్డ కప్పినట్టు నిగనిగలాడుతున్నాయి. చూస్తే చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. వేశారో, ఇక ఆ పూటంతా గోక్కోవడమే పని. దురదగొండి. తోటలో పుట్టిన ప్రతి ప్రాణికీ పసితనంలోనే తెలిసే సంగతి అది. పట్నం చెత్తదిబ్బల మీద దురదగొండి మొలవదు. బుల్లెమ్మ ఆ కాయల వంక చూసింది. పిట్ట ముక్కుని, ఈకల్ని ఆ నూగు ఏమీ చెయ్యదు.

"తాతగారి పద్ధతులన్నీ తెలుసన్నాడుగా," అంది. "ఇదీ తెలుసేమో అడుగుదాం. అల్లండి. మీకు చేతనయింది అదొక్కటే, అదన్నా సరిగ్గా అల్లండి. విప్పడానికి రాని ముడులు వెయ్యండి."

పున్నమినాడు తోట కళకళలాడుతోంది. అలికిన నేల, ముగ్గులు, మామిడాకుల తోరణాలు, కొమ్మ కొమ్మకీ వరికంకుల కుచ్చులు. చూడ్డానికి చాలా బాగుంది, అదే నాకు ఇంకా కోపం. అంత అందం చేసుకుని అందులోకి పసిపిల్లల్ని బలివ్వడానికి సిద్ధపడ్డారు. కోటిలింగం పొద్దుటినుంచీ పస్తున్నాడు. ఉపవాసమని అందరికీ చెప్పాడు గానీ సంగతి వేరు, విందుకి కడుపులో చోటు ఉంచుకుంటున్నాడు.

"ఇక గూళ్ళు దింపించండి, వేళ దాటిపోతోంది," అన్నాడు. అప్పిగాడు ఈతచెట్టు వైపు అడుగేశాడు.

"కోటిలింగం అన్నయ్యా!" అంటూ బుల్లెమ్మ వచ్చి వాలింది. గొంతులో మొన్నటి మంట లేదు. తల వంచుకుని ఉంది.

"మొన్న తెలియక నోరు జారాను. పద్ధతి పద్ధతే. గూళ్ళు తీసుకోండి. కానీ అంతా పద్ధతి ప్రకారమే జరగాలి కదా. గూళ్ళు దింపే ముందు పూజారికి బంగారుపట్టు మాల వేసేవారని మా అమ్మమ్మ చెప్పేది. మీ తాతగారికి వేసేవారా?"

కోటిలింగం ఒక్క క్షణం తడబడ్డాడు. తోటంతా అతని వంకే చూస్తోంది. తెలియదంటే నిన్నటిదాకా చెప్పిందంతా ఏమవుతుంది?

"వెయ్యకేం! నేనే మర్చిపోయాను చూడు. తాతగారి మెళ్ళో ధగధగలాడుతూ ఉండేది. నా చిన్నప్పుడు కళ్ళారా చూశాను."

"మెళ్ళోనేనా?"

"మెళ్ళో, నడుముకి, తోకకి కూడా చుట్టేవారు," అన్నాడు, గొప్ప ఇంకొంచెం పెరుగుతుందని.

"ఎప్పుడు తీసేవారు?"

"తీయడమా? పండగ పూర్తయ్యేదాకా తీయకూడదు. అపచారం."

గిజిగాళ్ళంతా కలిసి మాల ఎత్తుకొచ్చారు. ఎండలో బంగారంలా మెరిసిపోతోంది. లచ్చి చూసి గబగబా వెనక్కి నడిచింది. అప్పిగాడి కళ్ళు పెద్దవయ్యాయి.

"అప్పిగా, వచ్చి వెయ్యవోయ్," అన్నాడు కోటిలింగం మెడ చాపి.

అప్పిగాడు ఎగిరి కొమ్మెక్కేశాడు. "నా చేతులు మైలగా ఉన్నాయండీ. ఇంతకీ... మీ తాతగారు వేసుకున్నది ఇదేనా? బాగా చూడండి. ఇదేనా?"

"ఇదేరా! నా కళ్ళతో చూశానంటుంటే!"

పిట్టలే మాల దింపాయి. మెడకి ఒక చుట్టు, నడుముకి ఒక చుట్టు, తోకకి చివరిదాకా. మగాళ్ళు ముడులు బిగించి పైకెగిరిపోయారు. కోటిలింగం గర్వంగా ఒళ్ళు విదిలించుకున్నాడు. అదే పొరపాటు, నూగంతా రాలి చెవుల్లోకి, ముక్కులోకి, పొట్ట కిందకి చేరింది.

ముందు చెవి అదిరింది. తర్వాత ముక్కు. ఒక కాలు తనంతట తానే లేచి పక్క గోకింది.

"ఏమైంది అన్నయ్యా?" అంది బుల్లెమ్మ.

"ఏం లేదు... భక్తి. ఒళ్ళు పులకరిస్తోంది."

"మీ తాతగారూ ఇలాగే పులకరించేవారా?"

"ఆఁ... ఇలాగే..."

అంటూనే నేల మీద పడ్డాడు. ముగ్గుల మీద దొర్లాడు, చెట్టుకి వీపు రుద్దాడు, తోక కొరుక్కున్నాడు, దాంతో నాలుక కూడా మండింది. మాల తెంపబోతే ముడి రాలేదు.

ముసలి కళ్ళకి మాల సరిగ్గా ఆనలేదని అప్పిగాడు మైలయ్య చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "మావయ్యా, అది దురదగొండి. ఏ తాతా దాన్ని మెళ్ళో వేసుకోడు."

మైలయ్య నెమరు ఆగిపోయింది. నోట్లోది నోట్లోనే ఉండిపోయింది. "అయితే... వాళ్ళ తాత దీన్ని వేసుకోవడం వీడు చూడలేదు."

"చూడలేదు."

"అయితే... నిండు గూళ్ళూ చూడలేదు."

ముసలి ఎద్దు లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో అతను కొమ్ములు దించడం ఎవరూ చూడలేదు. ఆ రోజు దించాడు.

కోటిలింగం దొర్లుకుంటూ వచ్చి ఆ కాళ్ళ దగ్గరే పడ్డాడు. "మావా! నీ పేడ! కాస్త పేడ వెయ్యి, పులుముకుంటే చల్లారుతుంది, చచ్చిపోతున్నాను!"

"ముందు చెప్పు. మీ తాత ఇక్కడ పూజారా?"

"అమ్మో! కాదు!"

"మరెవడు?"

"మా తాత ఎవరో నాకే తెలియదు! చెత్తదిబ్బ మీద పుట్టాను! ఆకలేసి అడిగాను! ఆ గూళ్ళు పైనున్నాయి, అందలేదు, అందుకని మీ చేత దింపిద్దామనుకున్నాను!"

తోటంతా గోల లేచింది. చంపండి, తరమండి, మోసగాడు, నమ్మకద్రోహి అని అందరికన్నా గట్టిగా అరిచింది లచ్చి. బుల్లెమ్మ కొమ్మ చివరికి వచ్చి నిలబడింది. ఇప్పుడు పాత గొంతు తిరిగొచ్చింది.

"నోరు ముయ్యండి! వాడి మీద మీరా అరిచేది? వాడికి ఆకలి. మీకేం వచ్చింది? నా పిల్లలకి రెక్కలు రాలేదని నేను చెప్పాను. మీరంతా విన్నారు. వాడి తాత మాట చెవికెక్కింది, నా మాట ఎక్కలేదు. వాడు ఒట్టి అబద్ధాలవాడని తెలిసింది కాబట్టి ఇప్పుడు కోపం వచ్చింది మీకు. వాడి తాత నిజంగానే పూజారైతే? నిజంగానే నిండు గూళ్ళు కట్టి ఉంటే? అప్పుడు నా పిల్లల్ని కోసి ఇచ్చేవాళ్ళేనా?"

బుల్లెమ్మ ఎద్దు వైపు తిరిగింది.

"మావయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను."

మైలయ్య తల దించుకున్నాడు. "ఇచ్చేవాళ్ళమే తల్లీ," అన్నాడు. "తప్పు నాదే."

"ఒప్పుకున్నారు, సంతోషం. క్షమించానని మాత్రం అనను. ఇప్పుడు చేతకాదు నాకు." అని బుల్లెమ్మ పిల్లలకి పురుగులు ఏరుకోవడానికి పోయింది. ఆ సాయంత్రం విందులో ఎవరికీ ముద్ద దిగలేదు. పిల్లలు ఆడుకున్నారు గానీ పెద్దలు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు.

ఇక కోటిలింగం. మైలయ్య పేడ వేశాడు, ఎంతైనా జాలిగుండె. అది ఒళ్ళంతా పులుముకుని, తెగని మాల ఈడ్చుకుంటూ, నాలుగడుగులకోసారి కూర్చుని గోక్కుంటూ పట్నం దారి పట్టాడు. దారిలో ఎదురుపడ్డ కుందేలు, "ఏంటి మావా ఆ అలంకారం?" అని అడిగితే తాత మాట ఎత్తబోయి, చప్పున నోరు మూసుకుని పరిగెత్తాడట.

పెద్దల పద్ధతని చెప్పి పక్కింటి పసిపిల్లల్ని అడిగేవాడు ఎవడైనా, ముందు వాడి చేత ఆ మాల వేయించండి.